బంతి చేతికొస్తే పరుగెత్తడమే

వార్డెన్ మేడమ్ గారికి, పీఈటీ సార్ గారికి, ముందు వరుసలో కూర్చున్న కబడ్డీ అమ్మాయిలకి నమస్కారం.

నేను కబడ్డీ కోచ్‌ని. అయినా ఈ రోజు రగ్బీ ఆడే ఒక అమ్మాయి గురించి చెప్పాలని వచ్చాను. ఆమె పేరు పోర్షా వుడ్‌మన్. 1991లో న్యూజిలాండ్ ఉత్తరాన కైకోహే అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి, ఆయన సోదరుడు ఫ్రెడ్ ఇద్దరూ ఆల్ బ్లాక్స్‌కి ఆడినవాళ్లే. ఆల్ బ్లాక్స్ అంటే ఆ దేశపు మగవాళ్ల రగ్బీ జట్టు. మనకి క్రికెట్ టీమ్ ఎంతో, వాళ్లకి అది అంత.

మరి అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఏ ఆటలోకి వెళ్లింది? నెట్‌బాల్‌లోకి. ఆడవాళ్ల రగ్బీ జట్టు అప్పటికే వరుసగా ప్రపంచ కప్పులు గెలుస్తోంది కానీ అందులో జీతం లేదు. అమ్మాయిల ఆటల్లో టీవీలో కనిపించేది, పెద్ద లీగ్ ఉన్నది నెట్‌బాల్‌కే. పోర్షా ఆ లీగ్‌లో నార్తర్న్ మిస్టిక్స్ జట్టుకి ఆడింది.

నెట్‌బాల్ ఎలా ఉంటుందో తెలుసా? బంతి దొరికాక పరుగెత్తకూడదు. నేల మీద కొట్టుకుంటూ కూడా పోకూడదు. పట్టుకున్న చోటే ఆగి, మూడు సెకన్లలో ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. అడ్డుకునేవాళ్లు మూడడుగుల దూరంలో ఉండాలి. అది తక్కువ ఆట అనడం లేదు, చాలా తెలివి కావాలి. కానీ ఈ అమ్మాయి కాళ్లలో ఉన్నదంతా పరుగే! ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు మనసులో ఎలాగో ఉంటుంది.

2009 అక్టోబర్‌లో ఒలింపిక్ కమిటీ, 2016 రియో ఒలింపిక్స్‌లో రగ్బీ సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ, పెట్టాలని నిర్ణయించింది. మగవాళ్లకీ, ఆడవాళ్లకీ కూడా. దాంతో న్యూజిలాండ్ రగ్బీ సంఘం 2012లో 'గో ఫర్ గోల్డ్' పేరుతో ఊరూరా ట్రయల్స్ పెట్టింది. రగ్బీ రాకపోయినా పర్వాలేదు, వేరే ఆటలు ఆడేవాళ్లూ రావచ్చన్నారు. తర్వాత ఆ జట్టులో పేరు తెచ్చుకున్న రూబీ టుయి కూడా ఆ ట్రయల్స్‌తోనే వచ్చింది. పోర్షా వెళ్లింది, సెలెక్ట్ అయింది. 2013 జూన్‌లో మాస్కోలో సెవెన్స్ ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది. 2015లో ప్రపంచ ఉత్తమ సెవెన్స్ క్రీడాకారిణి అయింది.

పరుగు ఆమెకి ముందే ఉంది. కొత్తగా నేర్చుకోవాల్సింది ట్యాకిల్, అంటే బంతితో పరుగెత్తే అమ్మాయిని పట్టి పడెయ్యడం. కబడ్డీ అమ్మాయిలూ, ఇది మీకు వెంటనే అర్థమవుతుంది. మీ భుజం ఆ పరుగెత్తే అమ్మాయి తొడకి ఆనాలి, రెండు చేతులూ చుట్టూ బిగించాలి, మీ తల ఆమె వెనక వైపు ఉండాలి. తల ముందుకు పెడితే మోకాలు తగులుతుంది. మూడడుగుల దూరంలో నిలబడటం అలవాటైన అమ్మాయి ఇలా మీదకు వెళ్లి పట్టడం నేర్చుకుంది.

ఇక రియో. 2016 ఆగస్టు 8, ఆస్ట్రేలియాతో ఫైనల్. ఎదుటివాళ్ల పాస్‌ని చేత్తో అడ్డుకుందని రిఫరీ పోర్షాకి ఎల్లో కార్డ్ చూపించింది. సెవెన్స్‌లో ఎల్లో కార్డ్ అంటే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఏడుగురి ఆటలో ఒకరు లేకపోతే మైదానం ఎంత ఖాళీ అవుతుందో ఊహించండి. ఆస్ట్రేలియా ముందుకెళ్లిపోయింది. మ్యాచ్ చేజారిపోయాక, చివర్లో పోర్షా ఒక ట్రై చేసింది. ట్రై అంటే బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకి ఆనించడం. స్కోరు 24-17, ఓటమి. ఆ ట్రైతో ఫలితం మారలేదు. అయినా ఆమె గీత దాటేదాకా పరుగు ఆపలేదు. ఇన్ని ట్రైలు చేసిన ఆమెలో నాకు ఎక్కువ నచ్చింది అదే.

ఏడాది తర్వాత, 2017 ఆగస్టులో, ఐర్లండ్‌లో పదిహేను మంది ఆడే రగ్బీ ప్రపంచ కప్. హాంకాంగ్ మీద ఒక్క మ్యాచ్‌లోనే ఎనిమిది ట్రైలు చేసింది. టోర్నీ మొత్తంలో పదమూడు. ఫైనల్లో ఇంగ్లండ్ మీద 41-32తో గెలిచారు. పదిహేను మంది జట్టు అమ్మాయిలకి జీతంతో కాంట్రాక్టులు వచ్చింది ఆ తర్వాతే, 2018లో.

ఇదిగో, రగ్బీ బంతి. కోడిగుడ్డు ఆకారం, నేల మీద పడితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. పాస్ వెనక్కే ఇవ్వాలి, పరుగు మాత్రం ముందుకే. మేడమ్ గారు అరగంట టైమిచ్చారు. చున్నీలు నడుముకి గట్టిగా కట్టుకుని గ్రౌండ్‌లోకి రండి.