777 చార్లీ: తిండి పెట్టమని అడిగే కుక్క

నమస్తే అండి. బెంగళూరులో వర్షం పడుతోంది, మధ్యలో ఆ చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి. ఈరోజు 2022లో వచ్చిన 777 చార్లీ గురించి మాట్లాడదాం. కన్నడ సినిమా, తెలుగులో కూడా వచ్చింది. ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది.

ముందు ఒక మాట చెప్పాలి. నాన్న పెద్దకర్మ అయ్యాక నేను ఊరి నుంచి తిరిగొచ్చాను. ఫోన్ చేసినవాళ్లంతా "ధైర్యంగా ఉండమ్మా" అనేవాళ్లు. మా గేటు దగ్గరి వీధికుక్క మాత్రం పొద్దున్నే నా చెప్పు మీద కాలు వేసి నిలబడేది. దానికి బిస్కెట్ కావాలి, అంతే. ఆ బిస్కెట్ కోసమే నేను మూడంతస్తులు దిగేదాన్ని. దిగాక అక్కడే టీ తాగేదాన్ని. నాన్న పోయాక నేను మళ్లీ మనుషుల్లో పడింది అలాగే.

దర్శకుడు కిరణ్‌రాజ్‌కి ఈ సంగతి బాగా తెలుసు. హీరో ధర్మ చిన్నప్పుడే యాక్సిడెంట్‌లో కుటుంబాన్ని పోగొట్టుకున్నాడు. మైసూరులో ఒంటరి బతుకు, ఫ్యాక్టరీ, సిగరెట్లు, ఇడ్లీలు. కాలనీలో ఎవరితోనూ పడదు. చార్లీ అనే కుక్క వచ్చి అతన్ని ఓదార్చదు, ఇల్లు పీకి పందిరేస్తుంది! తిండి పెట్టాలి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అలా తిరిగేసరికి అతను నలుగురితో మాట్లాడాల్సి వస్తుంది. ధర్మగా రక్షిత్ శెట్టి ఆ మార్పుని మొహంలో కొంచెం కొంచెంగా చూపించాడు.

1952లో ఇటలీ దర్శకుడు డి సికా తీసిన ఉంబెర్టో డి. అనే సినిమా కూడా నాకు ఇందుకే ఇష్టం. అద్దె కట్టలేని పెద్దాయన బతుకు మీద విరక్తితో కుక్కని పట్టుకుని రైలు పట్టాల దగ్గరికి వెళ్తాడు. అది బెదిరి, చేతుల్లోంచి దూకి పారిపోతుంది. దాని వెనకాలే ఆయనా వస్తాడు. రైలు వెళ్లిపోతుంది. తర్వాత ఎంత పిలిచినా అది దగ్గరికి రాదు. ఒక పైన్‌కాయ చూపించి, ఆడించి, మెల్లగా మచ్చిక చేసుకుంటాడు. ఆ సీన్ ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది.

చార్లీలో లోటు లేదనను. సెకండాఫ్ సాగుతుంది, పాటలు ఏడిపించాలనే వచ్చినట్టుంటాయి. కానీ చార్లీ జబ్బుకి మూలం, డబ్బు కోసం దగ్గరి రక్తసంబంధం ఉన్న కుక్కల్నే జత కట్టించడమని ఈ సినిమా ధైర్యంగా చెప్పింది. సినిమా చూసి చార్లీలాంటి లాబ్రడార్ కొనాలనిపిస్తే, దయచేసి ఆ భాగం ఇంకోసారి చూడండి. మా గేటు దగ్గర ఈమధ్యే నాలుగు కుక్కపిల్లలు పుట్టాయి. బెంగళూరులో ఉన్నవాళ్లు ఎవరైనా పెంచుకుంటానంటే కామెంట్ పెట్టండి, నేనే తెచ్చిస్తాను.