కుర్రాళ్లు చేరేముందు ఏం చూస్తున్నారు

అందరికీ నమస్కారమండి. ఈ హాల్లో ఎక్కువమంది చిన్నా పెద్దా ఐటీ కంపెనీల వాళ్లూ, హెచ్‌ఆర్ వాళ్లే కాబట్టి సూటిగా మాట్లాడతాను. ఇప్పటి పిల్లలు నిలబడరండీ, ఏడాది తిరక్కుండానే పేపర్స్ పెట్టేస్తారు అని ప్రతి మీటింగులో అనుకుంటాం కదా, మరి వాళ్లేం చూసుకుని చేరుతున్నారో ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగామా?

నాతో మాట్లాడిన ఫ్రెషర్లు ఎక్కువగా ఎత్తేది ఒకటే, చెప్పిన మాట మీద ఉంటారా లేదా అని. సీటీసీలో, అంటే ఏడాదికి ఒక ఉద్యోగి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు లెక్కలో, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్, మన వాటా పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి ఒక అంకె వేసిస్తాం, కుర్రాడు ఇంట్లో అందరికీ ఆ అంకే చెప్పుకుంటాడు, తీరా నెలాఖరుకి అకౌంట్లో పడింది చూసి బిక్కమొహం వేస్తాడు. జాయినింగ్ డేట్ నెలల తరబడి జరుపుతూ పోతే ఆఫర్ చేతిలో ఉంది కదా అని ఇంకోచోటికి వెళ్లలేక అమీర్‌పేట హాస్టల్లో ఇంటి డబ్బులతో నెట్టుకొస్తాడు. అదే వాడు మానేస్తానంటే మాత్రం 90 రోజుల నోటీసు, పైన ముందే మానేస్తే డబ్బు కట్టాలనే బాండు! ఇది న్యాయం కాదండీ.

పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్ల కిందటా ఏడాదికి మూడు, మూడున్నర లక్షలే, ఇప్పుడూ దాదాపు అక్కడే ఉంది, మాదాపూర్‌లో అద్దెలు అక్కడే ఆగాయా మరి.

ఇక టైమ్. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలు పనిచేయాలి అన్నప్పుడు కుర్రాళ్లు ఎంత గొడవ చేశారో చూశాం. పని అంటే వాళ్లకి భయం లేదు, సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటే తెల్లారేదాకా కూర్చునే పిల్లల్ని నేను చూశాను. రాత్రి పదకొండుకి యూఎస్ కాల్ అయ్యాక కూడా పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసులో హాజరు కార్డు స్వైప్ పడాల్సిందే అంటారే, ఒళ్లు మండేది అక్కడ. అమ్మాయిలైతే ముందు అడిగేది క్యాబ్ గేటు దాకా వస్తుందా అని, వాళ్ల అమ్మానాన్నలు అడిగేదీ అదే.

ఏఐ వచ్చాక ఇంకో దిగులు పట్టుకుంది, రెండేళ్లు కస్టమర్ల ఫిర్యాదులు, అదే సపోర్ట్ టికెట్లే, క్లోజ్ చేస్తూ కూర్చుంటే తర్వాత నన్నెవరు తీసుకుంటారు అని. అందుకే ప్రాజెక్ట్ ఏంటి, ఎవరి కింద, ఏం నేర్పిస్తారు అని ఇంటర్వ్యూలోనే అడుగుతున్నారు, దాన్ని పొగరు అనుకోకండి దయచేసి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కార్మిక చట్టాలు, అదే లేబర్ కోడ్స్ ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ప్రతి ఒక్కరికీ ఇవ్వాల్సిందే. ఎలాగూ ఇస్తున్నాం కాబట్టి వచ్చే బ్యాచ్ నుంచి చేతికొచ్చే జీతం, షిఫ్ట్ టైమింగ్స్, మేనేజర్ పేరు మొదటి పేజీలోనే రాసివ్వండి. ఫార్మాట్ కావాలన్నవాళ్లు టీ బ్రేక్‌లో నన్ను కలవండి.