పాత కంప్యూటర్‌తో మ్యూజిక్ సర్వర్: ప్రాసెసర్ గురించి బెంగ అక్కర్లేదు

"ఇంత పాత ప్రాసెసర్ మీద ఫ్లాక్ పాటలు ఏం ప్లే అవుతాయి? మంచి సౌండ్ కార్డ్ కూడా వెయ్యాలి." మ్యూజిక్ సర్వర్, అంటే పాటలన్నీ దాచుకుని అడిగినప్పుడల్లా ఫోనుకి పంపే ఇంట్లోని కంప్యూటర్. ఆ మాట ఎత్తగానే ఎవరో ఒకరు ఇలా అంటారు. (ఫ్లాక్ అంటే నాణ్యత తగ్గకుండా కుదించిన పాట ఫైలు.) విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. సర్వర్ అసలు పాట ప్లే చెయ్యదండీ!

లైబ్రేరియన్ ఏం చేస్తారు? అడిగిన పుస్తకం బీరువాలోంచి తీసి చేతికిస్తారు. చదువుకునేది మనం. సర్వర్ కూడా ఫైలు తీసి పంపిస్తుంది, దాన్ని శబ్దంగా మార్చేది మీ ఫోను. సర్వర్‌లో సౌండ్ కార్డ్ చెడిపోయి ఉన్నా నష్టం లేదు.

[స్క్రీన్ మీద లెక్క]
సీడీ ఆడియో అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. గుణిస్తే సెకనుకు 1,411 కిలోబిట్లు. ఫ్లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఉండే 100 మెగాబిట్ల ఈథర్నెట్ పోర్టుకి ఇదొక బరువా?

లైబ్రేరియన్‌కి చెమట పట్టేది ఎప్పుడంటే, "ఈ పుస్తకం లావుగా ఉంది, కుదించి రాసివ్వండి" అన్నప్పుడు. అదే ట్రాన్స్‌కోడింగ్. మొబైల్ డేటా మీద వినడానికి ఫ్లాక్‌ని ఓపస్ అనే ఇంకా చిన్న ఫైలుగా మార్చి పంపడం లాంటిది. ఇంట్లో వైఫై మీద దాన్ని ఆపేయండి.

64 బిట్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ ఉంటే సరిపోతుంది. డెబియన్ అనే లినక్స్ ఎక్కించేటప్పుడు డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేసి, వేరే కంప్యూటర్ నుంచి దీన్ని నడిపించడానికి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కి టిక్ పెట్టండి. దాని మీద నావిడ్రోమ్ అనే మ్యూజిక్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వెయ్యండి. బ్రౌజర్‌లో సర్వర్ ఐపీ అడ్రస్, పక్కన కోలన్ పెట్టి 4533 కొడితే పేజీ తెరుచుకుంటుంది. ఫోన్లో సబ్‌సోనిక్ సర్వర్లకి కనెక్టయ్యే యాప్ ఏదైనా వేసుకోండి, నావిడ్రోమ్‌కీ అదే పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. ఒకే ఆల్బమ్ ఎనిమిది ముక్కలై కనిపిస్తుంది! ఎనిమిది పాటలు ఎనిమిది మంది పాడారు, పాట ఫైల్లో వివరాలు రాసి ఉండే ట్యాగుల్లో ఆల్బమ్ ఆర్టిస్ట్ ట్యాగ్ ఖాళీగా ఉంది. లైబ్రేరియన్ లోపల చదవరు, అట్ట మీద పేరు చూసి సర్దుతారు. ఒక్కో కథ మీద ఒక్కో పేరుంటే పుస్తకం చింపి ఎనిమిది అరల్లో పెట్టినట్టే. సినిమా పాటలకి ఇది మరీ ఎక్కువ. ట్యాగులు సరిచేసే సాఫ్ట్‌వేర్ మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్‌లో ఆ ఎనిమిదింటినీ కలిపి సెలెక్ట్ చేసి, ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గర సంగీత దర్శకుడి పేరు ఒకేలా రాసి సేవ్ చెయ్యండి. చివర ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ ముక్కలే. తర్వాత నావిడ్రోమ్‌లో లైబ్రరీ రీస్కాన్.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోకుండా లాగిన్‌డీ కాన్ఫ్ (logind.conf) అనే సెట్టింగుల ఫైల్లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్ (HandleLidSwitch) లైను ముందున్న హ్యాష్ (#) తీసేసి, విలువ ఇగ్నోర్ (ignore) అని పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే వాడొద్దు, తీయించేయండి. పాటల డిస్క్ విడిగా ఉంటే, బూట్ అప్పుడు ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ (fstab) ఫైల్లో దాన్ని యూయూఐడీతోనే, అంటే దాని సొంత గుర్తింపు సంఖ్యతోనే రాయండి, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీబూట్‌కి మారిపోవచ్చు. పక్కనే నోఫెయిల్ (nofail) కూడా రాయండి, లేకపోతే డిస్క్ ఊడిన రోజు బూట్ మధ్యలో ఆగుతుంది. స్కాన్ అయినా లైబ్రరీ ఖాళీగా ఉంటే, నావిడ్రోమ్ యూజర్‌కి ఆ ఫోల్డర్ చదివే పర్మిషన్ ఉందో లేదో చూడండి. రౌటర్‌లో సర్వర్‌కి ఐపీ రిజర్వ్ చెయ్యండి, అడ్రస్ మారకుండా ఉంటుంది. బయటినుంచి వినాలంటే 4533ని ఇంటర్నెట్‌కి తెరవకండి, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోండి.