దేశం పోయినా చరిత్ర పోనివ్వని షిన్ ఛేహో

2013లో సియోల్‌లో కొరియా, జపాన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే కొరియా ఫ్యాన్స్ స్టాండ్స్‌లో పే...ద్ద బ్యానర్ కట్టారు, "చరిత్రను మర్చిపోయిన జాతికి భవిష్యత్తు లేదు" అని. ఆ మాట షిన్ ఛేహో అనే కొరియా చరిత్రకారుడు అన్నారని నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది, కానీ ఆయన రాసినవాటిలో ఆ వాక్యం దొరకదు. ఆయన నిజంగా రాసింది దీనికంటే చాలా గట్టిగా ఉంటుంది, ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

(స్క్రీన్ మీద: కొరియా మ్యాప్)

1880లో పుట్టారు, పేద ఇల్లు, చిన్నప్పుడు తాతగారి దగ్గరే చైనీస్ గ్రంథాలు చదువుకున్నారు. తర్వాత సియోల్‌లో సంగ్యున్‌గ్వాన్ అనే పెద్ద విద్యాలయంలో చదివి కూడా కొలువు వైపు పోకుండా పేపర్లో చేరారు. 1905లో జపాన్ కొరియాని తన చెప్పుచేతల్లోకి తెచ్చుకుంది, 1910లో మొత్తం మింగేసింది. ఆ మధ్యలోనే, 1908లో, చరిత్ర అంటే రాజుల లిస్టు కాదు జాతి కథ అని పేపర్లో సీరియల్‌గా రాశారు. అప్పటికి అది చాలా కొత్త మాట.

1910లోనే దేశం వదిలి వెళ్లిపోయారు. వ్లాదివొస్తోక్, షాంఘై ఇలా తిరుగుతూ 1914లో మంచూరియాలో, అంటే ఈశాన్య చైనాలో, జిఆన్ అనే ఊరు చేరారు, ఒకప్పుడు గోగుర్యో అనే ప్రాచీన కొరియా రాజ్యానికి రాజధాని అది.

(స్క్రీన్ మీద: గ్వాంగెతో రాజు శిలాశాసనం)

ఈ రాయి చూడండి, 6 మీటర్ల పైనే ఎత్తు, 414లో నిలబెట్టారు, నాలుగు వైపులా అక్షరాలే. చుట్టూ ఎక్కడ చూసినా సమాధులు. తవ్వి చూద్దామంటే చేతిలో డబ్బుల్లేవు, కాళ్లతో నడిచి కళ్లతో చూసిందే రీసెర్చ్. కిమ్ బుషిక్ రాసిన గోగుర్యో చరిత్రని పదివేలసార్లు చదివేకంటే జిఆన్‌ని ఒక్కసారి చూడటం మేలు అని తర్వాత రాసుకున్నారు. ఆ కిమ్ బుషిక్ 12వ శతాబ్దం పండితుడు, చైనా ముందు తలవంచి కొరియా చరిత్రని చిన్నది చేశాడని ఆయన మీద షిన్‌కి చాలా కోపం. నాకైతే ఆ కోపం ఒక్కోసారి హద్దు దాటింది అనిపిస్తుంది, షిన్ చెప్పినవాటిలో కొన్ని ఇప్పటి చరిత్రకారులు ఒప్పుకోరు కూడా, కానీ అదే టైంలో జపాన్ ప్రభుత్వం కమిటీ వేసి తనకి నచ్చినట్టు కొరియా చరిత్రని 35 సంపుటాలు వేయించింది, దానికి ఎదురుగా జేబులో పైసా లేని ఒక్క మనిషి నిలబడ్డారంటే ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది.

చరిత్ర అంటే ఏంటి? 'నేను', 'నేను కానిది', ఈ రెండిటి మధ్య పోరాటం. ఇది ఆయన నిజంగా రాసిన మాట.

రాతలతోనే ఆగలేదు. 1923లో ఉయ్యొల్దాన్ అనే సాయుధ దళం కోసం విప్లవ ప్రకటన రాశారు, జపాన్‌ని బతిమాలడం వల్ల స్వాతంత్ర్యం రాదు, జనమే నేరుగా తిరగబడాలి అని. తర్వాత అనార్కిస్టులతో, అంటే అసలు ప్రభుత్వాలే వద్దనేవాళ్లతో, కలిశారు. ఉద్యమానికి డబ్బు కోసం దొంగ మనీ ఆర్డర్లు మార్చే పనిలో 1928లో తైవాన్‌లోని కీలుంగ్‌లో దొరికిపోయారు, 10 ఏళ్లు శిక్ష పడింది, చైనాలోని లుషున్ జైల్లో పెట్టారు.

(స్క్రీన్ మీద: లుషున్ జైలు)

ఇదే జైల్లో 1910లో కొరియా స్వాతంత్ర్య వీరుడు ఆన్ జుంగ్‌గున్‌ని ఉరి తీశారు. షిన్ ఇక్కడ ఉండగానే 1931లో ఆయన ప్రాచీన కొరియా చరిత్ర ఛోసన్ ఇల్బో పేపర్లో సీరియల్‌గా వచ్చింది. అక్కడ సియోల్‌లో భార్య పార్క్ జాహే, ఆవిడ నర్సు, కాన్పులు చేస్తూ పిల్లల్ని పెంచుతున్నారు, ఇల్లు గడవడమే కష్టం.

ఆయన మొహం కడుక్కునేటప్పుడు కూడా తల వంచేవారు కాదట, నిటారుగా నిలబడి నీళ్లు చల్లుకుంటే చొక్కా, చేతులు అంతా తడిసిపోయేవట. ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక హామీ ఇచ్చి బయటికి తెస్తానని ఒక బంధువు వస్తే, అతను జపాన్‌ వైపు మనిషని వద్దన్నారు. 1936 ఫిబ్రవరి 21న జైల్లోనే పోయారు, భార్యాకొడుకూ వచ్చేసరికే స్పృహ లేదు.

జపాన్ పెట్టిన కుటుంబాల రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోలేదు కాబట్టి స్వాతంత్ర్యం వచ్చాక కూడా కాగితాల మీద ఆయన ఏ దేశం మనిషీ కాదు. దక్షిణ కొరియా ప్రభుత్వం ఆయన్ని అధికారికంగా తన రిజిస్టర్‌లో ఎక్కించుకుంది 2009లో.