మధురవాడలో కెఫే నడపడం: రోజూ వచ్చేవారి లెక్క

సభకు నమస్కారం.

విశాఖ మధురవాడలో జాతీయ రహదారికి కాస్త లోపలగా ఎనిమిదేళ్లుగా ఒక కెఫే నడుపుతున్నాను. కొత్తగా ఈ వ్యాపారంలోకి రావాలనుకునేవారు నన్ను మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇంటీరియర్‌కు ఎంత అయింది? జవాబు చెబుతాను గానీ, అంతకుముందే అడగవలసింది మరొకటి ఉందని నా గట్టి నమ్మకం. మీ దుకాణానికి నడిచి రాగల దూరంలో, వారానికి నాలుగుసార్లు రాగలిగినవారు ఎందరున్నారు? బీచ్ రోడ్డులో జనం సముద్రం చూడడానికి వస్తారు. ఒకరు మళ్లీ రాకపోయినా ఆ చోటుకు మరొకరు వస్తారు. మాకు ఆ వెసులుబాటు లేదు. రుషికొండ ఐటీ కొండల మీద ఉద్యోగాలు చేసేవారు, పీఎం పాలెం అపార్ట్‌మెంట్లలో ఉండేవారు, కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దలు, అందరూ ఆ చుట్టుపక్కలవారే. వారానికి నాలుగుసార్లు వచ్చే మనిషి మానేశాడంటే ఏడాదికి 200 కప్పుల బేరం పోయినట్లు.

ఈ లెక్కను కప్పు దాకా తీసుకువస్తాను. డబుల్ షాట్‌కు, అంటే మెషిన్‌లో ఒక కప్పుకు తీసే చిక్కటి డికాక్షన్‌కు, మేము 18 గ్రాముల పొడి వాడతాం. వృథా పోగా కిలో గింజలకు 50 కప్పులు వస్తాయనుకుందాం. కిలోకు 200 రూపాయలు ఎక్కువ పెట్టి మంచి గింజ కొంటే కప్పు మీద పెరిగేది 4 రూపాయలు. ఇక అద్దె నెలకు 60 వేలనుకుంటే రోజుకు 2 వేలు. రోజుకు 100 కప్పులు పోతే ఒక్కో కప్పు మీద 20 రూపాయలు అద్దెకే పోతాయి, 200 పోతే 10 రూపాయలే. గింజ దగ్గర నాలుగు రూపాయలు మిగుల్చుకోబోయి, వచ్చేవారిని తగ్గించుకొని, అద్దె దగ్గర పది రూపాయలు పోగొట్టుకున్నవారిని చూశాను. మొదటి ఏడాది నేనూ అదే పని చేశాను. చవకగా వచ్చిందని ఒక బస్తా గింజలు కొని వానాకాలంలో గోడ పక్కన పెట్టించాను. పది రోజుల్లో గింజకు చెమ్మ వాసన పట్టింది. రోజూ ఉదయం పేపరు తెచ్చుకొని కిటికీ దగ్గర కూర్చునే పెద్దాయన ఒకరు ఆ వారంలో సగం కప్పు వదిలేసి, డబ్బులు టేబుల్ మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. గొడవపడి ఉంటే తప్పు దిద్దుకునే అవకాశం ఉండేది. ఆయన మళ్లీ రాలేదు.

పన్ను సంగతి కూడా ముందే తెలుసుకోండి. మామూలు కెఫే బిల్లు మీద జీఎస్టీ 5 శాతమే గానీ దానికి ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని ఇందులోంచి తగ్గించుకోలేం. మెషిన్ కొన్నప్పుడు కట్టిన 18 శాతం తిరిగి రాదు, అది పెట్టుబడిలోనే కలుస్తుంది. బ్యాంకుకు ఇచ్చే అంచనాలో చాలామంది దీన్ని వదిలేస్తున్నారు.

గింజ విషయంలో విశాఖ వాళ్లం అదృష్టవంతులం. బెంగళూరు వైపు చూడనక్కరలేదు. ఘాట్ రోడ్డు ఎక్కితే అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడన, పక్కనే మిరియాల తీగలు పాకించి అరబికా పండిస్తున్నారు. ఆ రైతుల దగ్గర కాఫీ కొనే, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన నగరంలోనే ఉంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతపు పంటకే ఆ పేరు చెల్లుతుందనే గుర్తింపు, వచ్చింది. అయినా ఆ పేరును బోర్డు మీద రాసుకొని, లోపల ఏదో ఒక మిశ్రమం వాడడం నాకు బాధ కలిగిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నీడ చెట్లను కూల్చేసిన తరువాత ఆ రైతులు తోటలను మళ్లీ నిలబెట్టుకోవడానికి ఎంత శ్రమపడ్డారో కొండ ఎక్కి అడిగితే తెలుస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో పండ్ల కోత జరిగేటప్పుడు మీ దగ్గర పనిచేసే పిల్లలను ఒక్కరోజు అక్కడికి తీసుకెళ్లండి. పచ్చికాయ కలవకుండా ఎర్రటి పండునే ఏరడం ఎంత ఓపికతో కూడిన పనో కళ్లారా చూసిన పిల్లవాడు, తిరిగి వచ్చాక పొడిని కౌంటరు మీద ఒలకబోయడు.

మా దుకాణంలో తలుపు తీయడానికి అరగంట ముందే పని మొదలవుతుంది. చిన్న తక్కెడ మీద 18 గ్రాములు తూచి, గ్రైండర్‌లో వేసి, మెషిన్‌కు బిగించి, గడియారం చూస్తాం. కప్పులోకి 36 గ్రాముల డికాక్షన్ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. సముద్రపు గాలిలో తేమ రోజుకో తీరుగా ఉంటుంది కనుక, పొడికి నిన్న సరిపోయిన మెత్తదనం ఈరోజు సరిపోకపోవచ్చు. త్వరగా దిగితే పులుపు, ఆలస్యమైతే చేదు. ఒక్కోరోజు రెండు మూడు షాట్లు పారబోస్తాం. ఆ పారబోత ఖర్చును నేను ఎప్పుడూ తగ్గించుకోను. బోరు నీళ్లను నేరుగా మెషిన్‌కు ఇవ్వకండి, బాయిలర్‌లో సున్నం కడుతుంది.

లాప్‌టాప్ తెరిచి ఒక్క కాపుచినోతో మూడు గంటలు కూర్చునేవారి గురించి చాలామంది యజమానులు విసుక్కుంటారు. ఏ గంటలో ఎన్ని కుర్చీలు నిండుతున్నాయో ఒక నెలపాటు పుస్తకంలో రాసి చూడండి. మా దగ్గర మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా సగం కుర్చీలు ఖాళీ. ఆ వేళ కూర్చున్నవారివల్ల మనకు పోయేదేమీ లేదు. అసలు ఇబ్బంది శనివారం, ఆదివారం సాయంత్రాల్లోనే. అప్పుడు ఒక మాట మర్యాదగా చెబితే అర్థం చేసుకుంటారు. ప్లగ్గులు పీకించడం, వైఫై ఆపడం వంటివి చేస్తే మధ్యాహ్నం వచ్చేవారు కూడా పోతారు.

రెండేళ్ల క్రితం మాకు నలభై అడుగుల దూరంలో పెద్ద కెఫే తెరిచారు. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నారు. మొదటి నెల మా సాయంత్రం బేరం సగానికి పడిపోయింది. మేమూ ధర తగ్గించాలని ఇంట్లో అన్నారు. నేను తగ్గించలేదు, ఎనిమిదింటికి తీసే తలుపును ఆరింటికి తీయడం మొదలుపెట్టాను. ఉదయం నడకకు వచ్చేవారు, నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి వెళ్లేవారు ఆ వేళకు ఏదైనా దొరికితే బాగుండునని ఎదురుచూస్తున్నారన్న సంగతి తలుపు తీశాకే తెలిసింది. స్టీలు గ్లాసులో చిన్న ఫిల్టర్ కాఫీ పెట్టాం, దాని పక్కన మాడుగుల హల్వా ముక్క ఒకటి. పాలవాడు, మాస్టరు, నేను తెల్లవారుజామున నాలుగున్నరకే లేవవలసి వచ్చింది. దానికి తగ్గట్టు జీతాలు పెంచాను. ఆ పెద్ద కెఫే ఇప్పటికీ బాగానే నడుస్తోంది. ఆదివారం సాయంత్రం బేరం వాళ్లదే, పొద్దుటి బేరం మాది.