నరికిన అడవిలో ముక్కు పురుగు

మిత్రులారా, నమస్కారం.

ఉత్తర ఐరోపాలో పైన్, స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల మొక్కలు నాటేవారికి కంటి మీద కునుకు లేకుండా చేసే కీటకం ఒకటుంది. పొడవు సుమారు ఒక సెంటీమీటరు. ముదురు గోధుమ రంగు ఒళ్లు, దాని మీద పసుపు మచ్చలు, ముందుకు సాగిన ముక్కు, ఆ ముక్కు కొనన దవడలు. 1758లో లిన్నేయస్ వర్ణించిన ఈ పైన్ ముక్కు పురుగును ఇప్పుడు హైలోబియస్ అబీటిస్ అంటున్నాం.

చెట్టును నరకగానే మోడు నుంచి ఆల్ఫా పైనీన్ (ఈ చెట్ల జిగురులో ఉండే వాసన పదార్థం), ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) వాసనలు వెలువడతాయి. వసంతంలో ఆ వాసన పట్టుకుని పురుగులు ఎగిరి వస్తాయి. ఆడపురుగు మోడు వేళ్ల దగ్గర గుడ్లు పెడుతుంది. లార్వాలు వేరు బెరడు కింద తొలుచుకుంటూ పెరుగుతాయి. చలి ప్రాంతాల్లో ఈ ఎదుగుదలకు రెండు మూడేళ్లు కూడా పడుతుంది. ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు, అవి తినేది చచ్చిన చెట్టునే కదా!

చిక్కు లార్వా దశ దాటి పూర్తిగా ఎదిగిన పురుగులతోనే. అవి లేత మొక్కల బెరడు కొరుకుతాయి. కాండం చుట్టూ బెరడు పోతే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు, మొక్క చచ్చిపోతుంది.

అయినా ఈ పురుగును దోషిగా నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. సహజమైన అడవిలో గాలివానకు అక్కడో చెట్టు, ఇక్కడో చెట్టు కూలుతుంది. వాటి మీదే అది బతికేది. ఒక విస్తీర్ణమంతా ఒకేసారి నరికి, వందలాది తాజా మోళ్లను దానికి అప్పగించి, వెంటనే వాటి మధ్యనే లేత మొక్కలు నాటింది మనం.

పురుగుమందులు ఎన్నాళ్లుగానో వాడుతున్నారు. ఐర్లండ్, బ్రిటన్‌లలో మోళ్ల చుట్టూ నేలలో సూక్ష్మమైన నులిపురుగులను వదిలి లార్వాలను చంపే పద్ధతీ ఉంది. స్వీడన్‌లో మొక్క కాండానికి జిగురుతో సన్నని ఇసుక పూత వేస్తారు. నాకు అన్నిటికంటే నచ్చినది మాత్రం మట్టి పని. నేల మీది ఆకుల చెత్తను, నల్లటి పైపొరను తీసేసి, అడుగున ఉన్న ఖనిజపు మట్టి బయటపడిన చోట మొక్క నాటితే పురుగు తాకిడి బాగా తగ్గుతుంది. అలాంటి బోడినేల మీద పురుగు ఆగదు, త్వరత్వరగా దాటిపోతుంది. కొన్ని పెద్ద చెట్లను నరకకుండా నిలిపి ఉంచినా మేలే. వాటి కొమ్మల బెరడు, వేళ్ల బెరడు కూడా పురుగుకు ఆహారమే కాబట్టి, మొక్కల మీద ఒత్తిడి అంతమేరకు తగ్గుతుంది.