18 రోజులు పార్క్ చేసి పోతే నా ఎలక్ట్రిక్ కారుకు ఏమైంది?

నమస్తే అందరికీ. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక ఉన్నది నా ఎలక్ట్రిక్ కారు, కొని మూడేళ్లు దాటింది. రేంజ్, పికప్ గురించి ఇదివరకే చెప్పాను. ఈ రివ్యూ కారు నడవనప్పటి గురించి. ఊరెళ్లే ముందు చాలామంది నన్ను అడిగేది ఇదే: "అన్నా, రెండు మూడు వారాలు అట్లనే పెట్టిపోతే చార్జింగ్ మొత్తం దిగిపోతదా?"

పోయిన మే నెలలో అమ్మానాన్నలను కాశీకి తీసుకుపోయాను. కారును ఇదిగో, ఈ రేకుల షెడ్డులోనే పెట్టాను. అప్పుడు బ్యాటరీ 64 శాతం ఉంది. మే నెల నల్లగొండ ఎండ సంగతి మీకు తెలుసు, మధ్యాహ్నం ఈ రేకుల కింద నిలబడలేం. ఆ టెన్షన్‌తో నేను పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్‌లో యాప్ తెరిచి శాతం చూసేవాణ్ణి. 64, 64, 63... సంతోషమే. పదకొండో రోజు నుంచి యాప్‌లో కారు కనిపించడం మానేసింది. నెట్‌వర్క్ అనుకున్నాను.

18 రోజులకు ఇంటికొచ్చి రిమోట్ నొక్కితే చప్పుడు లేదు, లైటు లేదు. రిమోట్ లోపల దాచి ఉండే ఇనుప తాళంచెవి తీసి డోర్ తెరిచాను. స్క్రీన్ మొత్తం నలుపు. అమ్మ పక్కనే నిలబడి "అంత పెద్ద బ్యాటరీ ఉత్తగ అయిపోయిందా బిడ్డా?" అంది. నాకూ అదే భయం.

అయిపోయింది పెద్ద బ్యాటరీ కాదు. ఎలక్ట్రిక్ కారులో రెండు బ్యాటరీలుంటాయి. కింద పరిచి ఉండే లిథియం బ్యాటరీ చక్రాలను తిప్పుతుంది. ముందు బానెట్ కింద, పెట్రోల్ కారులో ఉన్నట్టే, ఒక చిన్న 12 వోల్ట్ల బ్యాటరీ ఉంటుంది. డోర్ లాక్, స్క్రీన్, యాప్‌తో మాట్లాడే సిమ్, అన్నీ దాని మీదే నడుస్తాయి. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్‌లను మూయడానికీ ఈ చిన్నదాని కరెంటే కావాలి. అది పడుకుంటే పెద్దదాంట్లో ఎంత చార్జ్ ఉన్నా కారు లేవదు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023లో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసిన అమరరాజా వాళ్లే అమరాన్ పేరుతో ఈ చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలను ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్నారు. ఆ రెండు రకాలూ మన కారులో ఉంటాయి.

ఎదురింటి వాళ్ల పెట్రోల్ కారు నుంచి 12 వోల్ట్ టెర్మినల్స్‌కు కేబుల్ వేస్తే స్క్రీన్ వెలిగింది. అప్పుడు చూస్తే 61 శాతం! 18 రోజులకు 3 శాతం. నాది 40 యూనిట్ల బ్యాటరీ, అంటే పోయింది ఒక యూనిట్ పైచిలుకు. ఒక్కమాట, బానెట్ కింద నారింజ రంగు వైర్లు కనిపిస్తే వాటి జోలికి అస్సలు పోవద్దు, అవి హై వోల్టేజ్. మన కారు నుంచి ఇంకొకరి కారుకు కేబుల్ ఇవ్వడం కూడా మాన్యువల్ చూడకుండా చేయకండి.

మరి చిన్న బ్యాటరీని తాగేసింది ఎవరు? చాలావరకు నేనే. యాప్ తెరిచిన ప్రతిసారీ నిద్రపోతున్న కారు లేస్తుంది, లోపలి కంప్యూటర్లు ఆన్ అవుతాయి, మళ్లీ పడుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. ఆ కరెంటు చిన్నదాంట్లో నుంచే పోతుంది. పైగా అది మూడేళ్ల పాతది, వేడికి లెడ్ బ్యాటరీ తొందరగా నీరసపడుతుంది. కొన్ని కార్లు నిలిచి ఉన్నప్పుడు కూడా పెద్దదాని నుంచి చిన్నదాన్ని నింపుకుంటాయి. నా కారు నడిచినప్పుడో, చార్జింగ్ పెట్టినప్పుడో మాత్రమే నింపుతుంది.

ఆ చిన్న బ్యాటరీ మార్చాక దసరాకు రెండు వారాలు మళ్లీ ఇక్కడే పెట్టి చూశాను. చిన్నదాని కరెంటు తాగే డ్యాష్‌క్యామ్, అంటే ముందు అద్దం దగ్గరి కెమెరా వైరు పీకేశాను, యాప్ ముట్టలేదు. వచ్చి రిమోట్ నొక్కగానే తెరుచుకుంది, తగ్గింది 1 శాతం. దసరాకు ఎండ కూడా తక్కువే, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

మీరు పెట్టిపోయేటప్పుడు 50, 60 శాతం దగ్గర ఉంచండి. నిండా 100 చేసి ఎండలో వదిలితే లిథియం సెల్స్ తొందరగా ముసలివవుతాయి. అలాగని 10 శాతంలోనూ వదలొద్దు. రేకుల కన్నా వేపచెట్టు నీడ నయం.

కంపెనీల మీద నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే. పెద్ద బ్యాటరీ శాతం అంత పెద్ద అక్షరాల్లో చూపిస్తారు, చిన్నదాని వోల్టేజ్ నా కారు యాప్‌లో ఎక్కడా లేదు. పదో రోజున ఒక్క మెసేజ్ వచ్చి ఉంటే ఎదురింటి వాళ్లకు తాళం ఇచ్చి చార్జింగ్ పెట్టించేవాణ్ణి. అందుకే వోల్టేజ్ కొలిచే ఈ చిన్న మల్టీమీటర్ కొన్నాను. నిండుగా ఉంటే 12.6 దగ్గర చూపించాలి, 12కు దిగితే ప్రయాణం ముందే చూపించుకోండి.

మీ కారు ఎన్ని రోజులు ఆగింది, ఎంత తగ్గింది, కింద కామెంట్‌లో రాయండి. ఏ నెలో కూడా రాయండి, మే నెల లెక్క వేరు.